దారిఖర్చు

బంకులో మీటరు మీద ఒకటే అంకె పరుగెత్తుతుంది.
తెంగన్ దాంట్లో రెండు చూస్తాడు.
"ఇదిగో, ఈ చుక్క బండిది.
ఈ చుక్క మాత్రం రోడ్డుది.
దాని పేరు మీద కట్టించుకున్నారు కాబట్టి
దానికే చెందాలి."
బంకు పిల్ల పైపు తగిలించి
రెండు చుక్కలకీ కలిపి డబ్బు తీసుకుంటుంది.

నేను అతని ట్రోట్రోకి మేటుని.
తలుపు పట్టుకుని వేలాడతాను, చిల్లర లెక్కపెడతాను,
ఊళ్ల పేర్లు అరుస్తాను.
దారిఖర్చంటే దారిలో మనం పెట్టే ఖర్చనుకునేవాణ్ణి.
దారి కూడా ఖర్చయిపోతుందని
ఈ పనిలో చేరాకే తెలిసింది.

వా నుంచి తుముకి పోయే ఎర్రమట్టి మీద
గుంటలన్నిటికీ తెంగన్ పేర్లు పెట్టాడు.
అన్నిటికన్నా లోతైనది ఆర్థికమంత్రి.
దాని పక్కనే ఉపమంత్రి.
వానాకాలంలో ఇద్దరూ కలిసిపోతారు.

ఆ ఉదయం అక్రా రేడియో చెప్పింది:
రోడ్ల నిధిలోంచి కొంత తీసి
ఆసుపత్రి జీతాల బకాయిలు తీర్చారట.
తెంగన్ స్టీరింగ్ మీద గుద్దాడు.
"దారి మళ్లించారు! చూశావా,
దారి కోసం దాచిన డబ్బుకే
దారి మళ్లించారు!"
హర్మటాన్ దుమ్ము కిటికీలోంచి వచ్చి
అతని తిట్లలో సగం మింగేసింది.

షియా వెన్న గిన్నె కాళ్ల మధ్య ఇరికించుకున్న
పోగ్నా అక్క నవ్వలేదు.
తన బట్ట కొస ఎత్తి చూపించింది. నాలుగు ముళ్లు.
ఒకటి కాయలు కొనడానికి, ఒకటి బడికి,
ఒకటి అప్పుకి. నాలుగోది చెప్పలేదు.
"ముడి వేసేప్పుడు నా చెయ్యి గట్టిదే, తెంగన్.
పిల్లకి జ్వరమొచ్చిన రాత్రి
విప్పడానికి పళ్లుంటాయిగా."

ఆర్థికమంత్రి దగ్గరకొచ్చేసరికి
దారికి అడ్డంగా తాడు.
ఒక కొస చెట్టుకి,
ఇంకో కొస పదేళ్ల జియెమ్ చేతిలో.
పార వాడికంటే పొడుగు.
సెలవులిస్తే చాలు, వాడు గుంట పూడుస్తాడు,
వచ్చే బండినల్లా ఒక సెడి అడుగుతాడు.
తెంగన్ ఏనాడూ బేరమాడలేదు.
"దేశం మొత్తం మీద నిఖార్సైన పన్ను ఇదొక్కటే.
ఇచ్చిన చోటే పడుతుంది.
రసీదు నా చక్రాలకి ముడుతుంది."

ఇవాళ గుంట నోరు తెరిచే ఉంది.
తాడు మాత్రం బిగుతుగానే ఉంది.

"నిన్న ఇచ్చిందేమైంది?"
"పిండి కొన్నాం."
"మొన్నటిది?"
"తమ్ముడి మందుకి."
వాడు దాచలేదు. తల కూడా దించలేదు.
అడిగినదానికి సమాధానం చెప్పాడు, అంతే.

నేను తెంగన్ మొహం చూశాను.
పొద్దుట మంత్రిని తిట్టిన మాటలన్నీ
ఇంకా నోట్లోనే ఉన్నాయి.
ఈ పిల్లాడికి మరీ పెద్ద కొలత.

దిగాడు. పార లాక్కున్నాడు.
వెనక సీట్ల వాళ్లు ఆలస్యమని గొణిగారు,
తర్వాత ఒకరిద్దరు దిగి రాళ్లు వేశారు.
నేనూ వేశాను. ఆర్థికమంత్రి సగం నిండాడు.
చొక్కాతో మొహం తుడుచుకుని తెంగన్ బండెక్కితే
తాడు ఇంకా కదల్లేదు.
"పూడ్చింది మేం కదరా!"
"తాడు నాది," అన్నాడు జియెమ్.

పోగ్నా అక్క ఇప్పుడు నవ్వింది,
గిన్నె మీద మూత గలగలలాడేలా.

తెంగన్ నా వైపు చెయ్యి చాచాడు.
రెండు సెడీ బిళ్లలిచ్చాను.
కిటికీలోంచి వంగి, ఒక్కొక్కటీ
వాడి అరచేతిలో పెట్టి నొక్కాడు.
"ఇది పిండికి. ఇది గుంటకి.
విన్నావా? కలపకు."
జియెమ్ బుద్ధిగా తలూపాడు.
రెండూ ఒకే జేబులో వేసుకున్నాడు.

ఆ నిక్కరుకి
ఉన్నది ఒకటే జేబు.